తొలిచూలు : గర్భిణికిని గృహస్థునకును హితబోధ

మన యిండ్లలో కోడలు తొలిసారి నెల తప్పినదని తెలిసినతోడనే రెండు కార్యములు జరుగుచుండును. మొదటిది పంచాంగము తెప్పించి చూచుట. రెండవది ఇరుగుపొరుగు ముత్తైదువలు ఒక్కొక్కరుగా వచ్చి తమకు తోచిన నిషేధములను ఒక్కొక్కటిగా చెప్పిపోవుట. ఆ పిల్ల యేమి తినరాదో, ఎప్పుడు వెలుపలికి రారాదో, ఎవరి యెదుట పడరాదో పదిమంది చెప్పుదురు. ఆమె రక్తములో బలమెంత యున్నదో పరీక్ష చేయించితిరా యని యడుగువారు మాత్రము అరుదు. ఈ లోపమును మా శక్తికొలది తీర్చుటకై యీ చిన్న ప్రకరణమును వ్రాయుచున్నాము.

మేము వైద్యులము కాము. న్యాయస్థానములలో వాదించుట మా వృత్తి. కావున ఇందలి మాటలను డాక్టరుగారి మాటకు మాఱుగా గ్రహింపరాదు. డాక్టరుగారి యొద్దకు త్రోవ చూపునవిగా మాత్రమే గ్రహింపవలెను. అయినను సాక్ష్యమును పరీక్షించు నలవాటు మాకు కొంత గలదు. ఎంతకాలమునుండి చెప్పబడుచున్నదను దానిని బట్టి గాక, ఎంతవఱకు రుజువైనదను దానిని బట్టి యొక మాటను నమ్మవలెననుటయే ఆ యలవాటు. తొలిచూలు విషయమున మన గృహములలో చెల్లుచున్న మాటలను అట్లే పరీక్షింతము.

1. సమాజమునకు ఈ విషయముతో గల సంబంధము

ఈశ్వరారాధనకై యేర్పడిన సమాజమునకు గర్భిణుల సంగతి యేలయని కొందఱు శంకింపవచ్చును. మన సమాజము ఈ ప్రశ్నకు 1872వ సంవత్సరమునకు పూర్వమే సమాధానము చెప్పియున్నది. బ్రాహ్మవివాహములకు చట్టసమ్మతి కోరుచున్న దినములలో కేశవచంద్రసేనుగారు కన్యకు వివాహయోగ్యమైన వయస్సేదియని జ్యోతిష్కులను గాక పేరుగాంచిన డాక్టర్లను లేఖామూలముగా అడిగిరి. పిదప 1872లో వచ్చిన 3వ చట్టము కన్యకు 14, వరునకు 18 సంవత్సరములు కనీస వయస్సుగా నిర్ణయించెను. ఆ కాలమునకు అదియే పెద్ద సాహసము. అటుపిమ్మట 1929 నాటి శారదా చట్టమును, కన్య వయస్సును 18 సంవత్సరములకు పెంచిన 1978 నాటి సవరణయు, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టమును వచ్చినవి. ఇన్ని చట్టముల వెనుక నున్న సత్యమొక్కటే. తల్లి కాబోవు దేహము తాను పూర్తిగా ఎదిగిన పిదపనే మఱియొక దేహమును పెంచగలదు. 18 ఏండ్లు నిండని బాలిక గర్భవతియైనయెడల రక్తహీనత, గుఱ్ఱపువాతము, కష్టప్రసవము, తక్కువ బరువుగల శిశువు అను ఆపదలు అధికముగా కలుగుచున్నవి. కావున తొలిచూలు సంరక్షణము వివాహపు వయస్సునాడే మొదలగుచున్నదని గృహస్థులు గుర్తెఱుగవలెను.

మాతృత్వమునకును విద్యకును వైరము లేదనుటకు కూడ మన సమాజముననే తార్కాణము గలదు. 1883లో కలకత్తా విశ్వవిద్యాలయమున పట్టభద్రురాలై, 1886లో వైద్యయోగ్యతను పొందిన కాదంబినీ గంగూలిగారు పెద్ద సంసారమును మోయుచునే వైద్యవృత్తిని నడపిరి.

2. మొదటి మూడు మాసములు

గర్భకాలమును లెక్కించు విధమును మొట్టమొదట తెలిసికొనవలెను. కడపటిసారి బహిష్టయిన మొదటి దినమునుండి 280 దినములు, అనగా 40 వారములు లెక్కింతురు. 9 నెలల 7 దినములని సులభముగా గుర్తుంచుకొనవచ్చును. సరిగా ఆ దినముననే ప్రసవించువారు కొలదిమంది మాత్రమే. 37 వారములు నిండిన పిదప 42 వారములలోపల నగు ప్రసవము సకాలప్రసవమే. ఈ లెక్కకు ఆధారమైన తేదీని వ్రాసి యుంచుకొనుట ప్రతి వివాహితకును మంచి యలవాటు.

నెల తప్పిన సంగతిని మూడవ మాసమువఱకు ఎవరికిని చెప్పరాదను ఆచారము పెక్కు కుటుంబములలో గలదు. బంధువులకు చెప్పకున్న చెప్పకపోవుదురు గాక. డాక్టరునకు మాత్రము తత్‌క్షణమే చెప్పవలెను. ఏలయనగా శిశువు యొక్క మెదడునకును వెన్నుపామునకును మూలమైన నాళము గర్భము నిలిచిన 28 దినములలోపలనే మూసికొనుచున్నది. అప్పటికి పెక్కుమంది తల్లులకు తాము గర్భిణులమను సంగతియే తెలియదు. ఆ నాళము సరిగా మూసికొనుటకు ఫోలిక్ ఆమ్లమను పదార్థము సహాయపడును. అందుచేత సంతానము కోరు స్త్రీ గర్భము ధరింపకమునుపే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్రను ప్రారంభించి, మూడు మాసములు నిండువఱకు పుచ్చుకొనవలెను. ఇది మిక్కిలి చవుకైన మాత్ర. ఇది లేకపోవుటచే కలుగు నష్టము మాత్రము ఒక జీవితకాలపు నష్టము.

మధుమేహము, మూర్ఛ, థైరాయిడు వ్యాధి మున్నగువాటికి ముందునుండియే మందులు పుచ్చుకొనుచున్నవారు ఆ సంగతిని మొదటి దర్శనముననే తెలుపవలెను. తామై ఆ మందులను మానరాదు, తామై క్రొత్త మందులను మొదలుపెట్టరాదు. మేనరికమో, మేనమామతోడి వివాహమో అయినయెడల దానిని కూడ దాచక చెప్పవలెను. దగ్గఱి రక్తసంబంధము గల దంపతుల సంతానమునకు కొన్ని వంశానుగత వ్యాధులు వచ్చు నవకాశము హెచ్చు. మన తెలుగుదేశమున ఈ వివాహములు తఱచుగా జరుగుచున్నవి.

వేవిళ్లు సాధారణముగా ఆఱవ వారమున మొదలై, పండ్రెండు మొదలు పదునాఱు వారముల నడుమ తగ్గును. ప్రాతఃకాలమున మంచము దిగకమునుపే రెండు పేలాల ముద్దలో, ఎండు రొట్టెముక్కయో తినుట, మూడుపూటల భోజనమును ఆఱు చిన్న భాగములుగా చేయుట, తాలింపు ఘాటు తగులని చోట కూర్చుండుట, అల్లపు ముక్కను చప్పరించుట ఉపశమనము నిచ్చును. దినమంతయు మంచినీరు సయితము నిలువక వాంతియై, మూత్రము చిక్కని వన్నెకు తిరిగి, శరీరపు బరువు తగ్గుచున్నయెడల అది వేవిళ్లని యుపేక్షింపక వైద్యము చేయింపవలెను. "మాకును అట్లే యయినది, అదియే సర్దుకొనును" అను అత్తగారి యోదార్పు అప్పుడు చాలదు.

3. ఆహారము : పంక్తిలో గర్భిణి యెక్కడ?

ఈ ప్రకరణమంతటిలో గృహస్థులు ముఖ్యముగా చదువవలసిన భాగమిది. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మంది రక్తహీనులని తేలినది. ఇది కేవలము దరిద్రుల లెక్కయని పెద్దలు తృప్తి పడరాదు. నేయి, పాలు, పప్పు పుష్కలముగా గల గృహములలోను కోడలు పాలిపోయి యుండుటను మేము చూచితిమి. కారణము వంటయింటిలోని వస్తువులు కావు, వడ్డన క్రమము. మగవారు, పిల్లలు, అతిథులు, అత్తగారు భుజించిన పిదప మిగిలినది కోడలు తినును. మిగులునది అన్నమును చారును మాత్రమే. కావున మా మొదటి హితవు మందు కాదు, పథ్యము కాదు. గర్భిణి మొదటి పంక్తిలో భుజింపవలెను. ఇంటి యజమానుడే పిలిచి కూర్చుండబెట్టవలెను.

ఎంత తినవలెనను ప్రశ్నకు మన యిండ్లలో రెండు సమాధానములు చెప్పుదురు, రెండును తప్పులే. "ఇద్దఱి కొఱకు తినవలె"నని యొకరందురు. "ఎక్కువ తినిన బిడ్డ పెరిగి కానుపు కష్టమగును, కడుపు కట్టుకొనవలె"నని మఱియొకరందురు. రెండవది మిక్కిలి ప్రమాదకరము. తల్లిని పస్తుంచినందువలన ప్రసవము సులభము కాదు, బలహీనుడైన శిశువు మాత్రము పుట్టును. నాలుగవ మాసమునుండి తల్లికి మామూలు భోజనముపై దినమునకు సుమారు 350 కెలోరీలు అధికముగా కావలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క. అది యెంతయో కాదు. ఒక గ్లాసెడు పాలు, గుప్పెడు వేయించిన వేరుసెనగపప్పు, ఒక అరటిపండు కలిపిన చాలును. గర్భకాలమున సామాన్యదేహము గల స్త్రీ మొత్తముమీద 10 మొదలు 12 కిలోల వఱకు బరువు పెరుగుట మేలు.

ఇనుము విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. రక్తములోని హిమోగ్లోబిన్ డెసిలీటరునకు 11 గ్రాములకు తగ్గినచో గర్భిణికి రక్తహీనత యున్నట్లు; 7 గ్రాములకు తగ్గినచో అది తీవ్రమైన యపాయము. రక్తహీనురాలు ప్రసవసమయమున పోవు కొద్దిపాటి రక్తమునకు కూడ తాళజాలదు. నాలుగవ మాసమునుండి దినమున కొకటి చొప్పున కనీసము 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్రను పుచ్చుకొనవలెనని ప్రభుత్వ వైద్యశాఖ విధించియున్నది. ప్రసవానంతరము మఱి 180 దినములు పుచ్చుకొనవలెను. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఈ మాత్రలను ఉచితముగా నిత్తురు. ఈ మాత్రను కాఫీతోను, తేనీటితోను, పాలతోను, సున్నపు మాత్ర యనబడు కాల్షియముతోను కలిపి పుచ్చుకొన్నయెడల దాని బలము వ్యర్థమగును. రెండింటికి నడుమ కనీసము రెండు గంటలు ఎడముండవలెను. నిమ్మరసము, ఉసిరిక, జామపండు తోడైనచో ఇనుము బాగుగా వంటబట్టును. మలము నల్లనగుట భయపడవలసిన సంగతి కాదు. కడుపులో వికారమైనచో రాత్రి భోజనానంతరము పుచ్చుకొనవచ్చును, అంతేగాని మానరాదు.

గర్భిణుల రక్తహీనత విషయమున లోకమునకు ఒక గొప్ప సత్యము మన దేశముననే తెలిసినది. 1928లో ఇంగ్లండునుండి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనతను పరిశోధించి, చవుకైన ఈస్టు సారముతో అది నయమగుటను 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణపదార్థమే తరువాత ఫోలిక్ ఆమ్లమని పేరొందినది. కూలిపని చేయు స్త్రీలు ఏమి తినుచున్నారని ఒక వైద్యురాలు ఓపికతో విచారించుటచే ప్రపంచములోని తల్లులందఱికిని మేలు కలిగినది.

కొందఱు గర్భిణులకు మట్టి, బలపములు, బొగ్గు, పచ్చిబియ్యము తినవలెనని కోరిక పుట్టును. దానిని వేకటి కోరికయని ముద్దుగా చెప్పుకొని నవ్వుదురు. అది పెక్కుసార్లు ఇనుము కొఱతకు గుర్తు. నవ్వక రక్తపరీక్ష చేయింపవలెను.

4. నిషేధముల విచారణ

నువ్వులు, బెల్లము వేడియని నిషేధింతురు. నువ్వులలో కాల్షియమును ఇనుమును గలవు. మితముగా తినిన దోషము లేదు. బొప్పాయి విషయమున కొంత నిజము గలదు. పచ్చి బొప్పాయిలోని పాలు గర్భాశయమును కదలించునను శంక యున్నందున దానిని మానుట యుక్తము. బాగుగా పండిన పండునకు ఆ శంక లేదు. కుంకుమపువ్వు పాలు త్రాగినచో బిడ్డ తెల్లగా పుట్టునందురు. వన్నె తల్లిదండ్రుల వంశమునుండి వచ్చునే గాని గిన్నెలోని పాలనుండి రాదు. పరమేశ్వరుని బిడ్డలలో వన్నెను బట్టి యెక్కువ తక్కువలు లేవని ప్రార్థనామందిరమున చెప్పి, ఇంటికి వచ్చి కుంకుమపువ్వు కొనుట మనకు తగదు.

గ్రహణము సంగతి చూతము. పెదవి చీలి పుట్టిన శిశువునకు "గ్రహణపు మొఱ్ఱి" యని మన భాషయే పేరు పెట్టినది. కాన నిందితుని పేరు ఫిర్యాదులోనే యున్నది. అయినను విచారణ చేయవలెను గదా! శిశువు పై పెదవి గర్భముయొక్క నాలుగవ వారము మొదలు ఏడవ వారములోపల అతుకుకొని పూర్తియగుచున్నది. ఆ పిదప కొలది వారములలో అంగిలి పూర్తియగును. ఎనిమిదవ నెలలో వచ్చిన గ్రహణము, రెండవ నెలలోనే పూర్తియైన పెదవిని చీల్చుట యెట్లు? నేరము జరిగిన వేళ నిందితుడు అక్కడ లేడు. వంశము, కొన్ని మందులు, పొగాకు మున్నగునవి దీనికి కారణములు కావచ్చును. గ్రహణము నిర్దోషి. గ్రహణకాలమున నిండు చూలాలిని అన్నోదకములు లేక చీకటి గదిలో గంటలకొలది పరుండబెట్టువారు మాత్రము నిర్దోషులు కారు.

ఇక పుత్రకాంక్ష. బిడ్డ ఆడయో మగయో నిర్ణయించునది తండ్రి బీజమేయని శాస్త్రము స్పష్టముగా తెలుపుచుండగా, ఆడపిల్లను కన్నందులకు కోడలిని నిందించుట అజ్ఞానమును అన్యాయమును. గర్భములోని బిడ్డ లింగమును తెలిసికొనగోరుట, తెలుపుట 1994 నాటి చట్టముచే శిక్షార్హములైన నేరములు. ఈ నేరమునకై మా సలహా నడుగ వచ్చువారికి మేము చెప్పు సలహా యొక్కటే, ఆ తలంపును మానుకొనవలెనని.

5. డాక్టరు దర్శనములు

మూడు మాసములలోపల నొకసారి, 14-26 వారముల నడుమ నొకసారి, 28-34 వారముల నడుమ నొకసారి, 36 వారముల పిదప నొకసారి, ఇట్లు నాలుగుసార్లు కనీసము దర్శింపవలెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో ఎనిమిది దర్శనములు కావలెనని చెప్పినది. ప్రతి దర్శనమునను బరువు, రక్తపోటు, మూత్రపరీక్ష జరుగవలెను. రక్తములో హిమోగ్లోబిన్, చక్కెర, రక్తవర్గము చూడవలెను. చక్కెర పరీక్షను 24-28 వారముల నడుమ మరల చేయింపవలెను. 18-20 వారముల నడుమ శిశువు అవయవములను పరిశీలించు స్కానింగు చేయింతురు. ధనుర్వాతమును నివారించు సూదిమందు రెండుసార్లు, నాలుగు వారముల యెడముతో నిత్తురు.

తల్లి రక్తము ఆర్‌హెచ్ నెగెటివు, తండ్రి రక్తము పాజిటివు అయినయెడల ఆ సంగతిని డాక్టరునకు తప్పక జ్ఞాపకము చేయవలెను. ఇట్టివారికి 28వ వారమునను, బిడ్డ పాజిటివైనచో ప్రసవమైన 72 గంటలలోపలను ఒక సూదిమందు వేయుదురు. అది తప్పినచో తరువాతి కాన్పుల బిడ్డలకు హాని కలుగును. భర్త తన రక్తవర్గ మేదో తెలిసికొనియుండుట ఇందుకే.

6. అపాయచిహ్నములు

మా యెఱిగిన యొక గృహమున జరిగిన సంగతిని ఇచట చెప్పుట మాకు కష్టముగా నున్నను చెప్పుచున్నాము. ఎనిమిదవ నెల నిండుచున్న యొక తొలిచూలాలికి మూడు దినములుగా తలనొప్పి. ముఖము వాచినది, వ్రేలి యుంగరము ఊడిరాలేదు, కన్నులు మసకలు క్రమ్ముచున్నవని చెప్పినది. ఇంటివారు దిష్టి తీసిరి. ఆసుపత్రికి కొనిపోవుదుమా యని ఆమె తల్లి యడుగగా, నేడు అమావాస్య, రేపు ఉదయము పోవచ్చునని మామగారనిరి. ఆ మామగారు చదువుకొన్నవారు; సంస్కరణసభలలో ఉపన్యసించినవారు. ఆ సాయంకాలము మేమును ఆ యింటి వసారాలో కూర్చుండి యుంటిమి. లోపలి మాటలు మాకు వినవచ్చినవి. ఒకరి యింటి స్త్రీల సంగతిలో కల్పించుకొనుట మర్యాద కాదని యూరకుంటిమి. తెల్లవారుజామున ఆమెకు ఫిట్సు వచ్చినవి. ఆసుపత్రిలో తల్లి బ్రతికినది, బిడ్డ దక్కలేదు. ఆనాటి మా మర్యాదయే నేడు ఈ ప్రకరణమును వ్రాయించుచున్నది.

దానినే మన పెద్దలు గుఱ్ఱపువాతమనిరి. దానికి ముందుగా రక్తపోటు హెచ్చును. 140/90 గాని అంతకు మించి గాని యున్నచో జాగ్రత్తపడవలెను. రక్తపోటును కొలుచుటకు రెండు నిమిషములు చాలును. సకాలమున కనిపెట్టినచో దానికి మంచి మందులు గలవు. కావున ఈ క్రింది చిహ్నములలో ఏ యొక్కటి కనబడినను తిథి, వార, నక్షత్రములు చూడక, రాత్రియని సంకోచింపక ఆసుపత్రికి పోవలెను.

1. ఏ నెలలోనైనను రక్తము కనబడుట.
2. విడువని తలనొప్పి, చూపు మసకబారుట, ముఖమును చేతులును ఉబ్బుట, రొమ్ముక్రింద తీవ్రమైన నొప్పి.
3. ఫిట్సు, స్మృతి తప్పుట.
4. నెలలు నిండకమునుపే నొప్పులు వచ్చుట, ఎప్పుడైనను ఉమ్మనీరు పోవుట.
5. బిడ్డ కదలికలు తగ్గుట. తొలిచూలున ఇవి సాధారణముగా 18-20 వారముల నడుమ తెలియవచ్చును. ఆ పిదప వాడుకగా నున్న కదలికలు తగ్గినచో మఱునాటివఱకు ఆగరాదు.
6. జ్వరము, ఆయాసము, కడుపులో తీవ్రమైన నొప్పి.

2005లో హైదరాబాదున ఆరంభమైన 108 వాహనమును పిలిచినచో సొమ్ము లేకయే వచ్చును. ఆ సంఖ్యను గోడమీద వ్రాసియుంచుడు.

7. పుట్టినింటి ప్రయాణము, ప్రసవము

తొలికాన్పు పుట్టినింట జరుగవలెనను మన యాచారము మంచిది. భయపడు పిల్లకు తల్లి చేయి కన్న మందు లేదు. అయితే ఆ ప్రయాణముతో డాక్టరు మాఱును, కాగితములు పోవును, నెల రోజుల పరీక్షలు తప్పిపోవును. కావున పరీక్షల పత్రములన్నియు ఒక సంచిలో పెట్టి వెంట పంపవలెను. చేరిన వారములోపలనే అక్కడి ఆసుపత్రిలో పేరు నమోదు చేయింపవలెను. ఏ ఆసుపత్రి, ఏ వాహనము, రక్తము కావలసినచో ఎవరిత్తురు, రాత్రివేళ తోడెవరు అను నాలుగు ప్రశ్నలకు ఎనిమిదవ నెలలోనే సమాధానము సిద్ధముగా నుండవలెను. సీమంతమునకు వెచ్చించు సొమ్ములో సగము ఇందుకై దాచినచో అదియే నిజమైన మంగళకార్యము. ప్రభుత్వ ఆసుపత్రులలో శస్త్రచికిత్సతో సహా ప్రసవము ఉచితముగా జరుపు ఏర్పాటు 2011లో చేయబడినది. ఉద్యోగము చేయు తల్లులకు జీతముతోడి సెలవును 2017 నాటి చట్టసవరణ మొదటి యిద్దఱు బిడ్డల విషయమున 26 వారములకు పెంచెను. ఈ హక్కులను అడిగి పొందుట అవమానము కాదు.

చదువుకొన్న కుటుంబములలో వ్యాపించిన యొక క్రొత్త మూఢాచారమును ఖండింపక తప్పదు. అది ముహూర్తపు కోత. సిద్ధాంతి పెట్టిన లగ్నమునకు డాక్టరుచే కడుపు కోయించి బిడ్డను తీయించుచున్నారు. 2019-21 సర్వేలో దేశమంతట నూటికి 21 ప్రసవములు శస్త్రచికిత్సచే జరుగగా, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60 జరిగినవి. ఇన్నింటికిని ముహూర్తమే కారణమని మేమనము. భయము, తొందర, ధనలాభము కూడ కలవు. నిజముగా అవసరమైనప్పుడు ఈ శస్త్రచికిత్స ఇద్దఱి ప్రాణములను కాపాడును. అప్పుడు వలదనుట మహాపాపము. అవసరము లేనిచో అది తల్లికి పెద్ద గాయము, తరువాతి కాన్పులకు చిక్కు. 39 వారములు నిండకమునుపే తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల బాధ అధికముగా కలుగును. శాస్త్రము మనకిచ్చిన కత్తిని జాతకమునకు దాసిని చేయుట కన్న విచారకరమైన దేమి గలదు?

8. పురిటిగది

1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్వైస్ అను డాక్టరు, వైద్యులు సున్నపుక్లోరిను నీళ్లతో చేతులు కడుగుకొని గర్భిణులను ముట్టవలెనని విధించెను. ఆ యేప్రిలులో నూటికి 18 మంది బాలింతలు జ్వరముచే చనిపోవుచుండగా, కొలది మాసములలో ఆ సంఖ్య నూటికి ఇద్దఱికి దిగినది. నాటి వైద్యులలో పెక్కుమంది ఆయన మాట వినలేదు. మైలయని బాలింతను తాకక దూరముంచు మనము, ముట్టువారి చేతులు శుభ్రముగా నున్నవా యని చూడము. మైల ఆమెయందు లేదు, కడుగని చేతులయందు గలదు. పాత చాప, చీకటి గది, నిప్పుల కుంపటి పొగ మానవలెను. గాలియు వెలుతురును రానీయవలెను. ప్రసవమైన గంటలోపలనే బిడ్డకు చన్నీయవలెను. పసుపువన్నెగల ముఱ్ఱుపాలను పిండి పాఱబోయుట బిడ్డకు పరమేశ్వరుడిచ్చిన మొదటి రక్షను పాఱబోయుటయే. ఆముదము, తేనె నాకింపరాదు. ఆఱు మాసములు చనుబాలు తప్ప నీరు సయితము వలదు.

9. భర్తకు రెండు మాటలు

గర్భిణికి భయము సహజము. ఆమె భయమును వినువారు లేకపోవుట మాత్రము సహజము కాదు. ప్రతి దర్శనమునకు భర్త వెంట పోవలెను. ఇంటిలో పొగాకు పొగ రానీయరాదు. బరువులెత్తు పని తాను చేయవలెను. సాయంకాలము ఆమెతో కొంతదూరము నడువవలెను. ఏడవ నెలనుండి ఆమె వెల్లకిల గాక ప్రక్కకు తిరిగి నిద్రించునట్లు చూడవలెను. ప్రసవానంతరము రెండు వారములు దాటియు ఆమె ఊరక యేడ్చుచు, బిడ్డయందు ఆసక్తి లేక, నిద్రాహారములు మాని యున్నచో దానిని గాలి సోకుడని యనక వ్యాధిగా నెంచి చికిత్స చేయింపవలెను.

10. ఒక ఆక్షేపణ

"మా అవ్వ పరీక్షలు, మాత్రలు లేకయే పదిమందిని కన్నది" యని చెప్పువారు గలరు. ఆ అవ్వ మాట నిజమే. కాని ఆమె తోడికోడలును, చెల్లెలును ఏమైరని యడిగిచూడుడు. బ్రతికినవారు మాత్రమే సాక్ష్యమిచ్చుటకు వత్తురు. పురిటిలో పోయినవారు బోనులోనికి రారు. 2018-20 సంవత్సరములలో దేశమున లక్ష సజీవ జననములకు 97 మంది తల్లులు మరణించిరి. ఆంధ్రప్రదేశమున 45 మంది, తెలంగాణమున 43 మంది. వెనుకటి దినములలో ఇంతకు అనేక రెట్లు మరణించుచుండిరి. ఈ తగ్గుదల పంచాంగము వలన కలిగినది కాదు. ఇంకను మిగిలిన మరణములలో పెక్కు నివారింపదగినవే. అందు ఒక్కటియైనను మన యింట జరిగినచో దానిని విధివ్రాతయని తప్పించుకొనుటకు మనకు హక్కు లేదు.

సోదరులారా! గర్భధారణము వ్యాధి కాదు, మైల కాదు, నేరము కాదు. అది సృష్టికర్త తన కార్యములో మానవజాతికి ఇచ్చిన పాలు. ఆ పనిలో శ్రమయంతయు స్త్రీది. దానిని తేలిక చేయుట మాత్రము మనది. తెలియనివారి యుపేక్షను ఈశ్వరుడు క్షమించునేమో. తెలిసినవారి మర్యాదను, మౌనమును క్షమింపుమని యడుగుటకు మాకు నోరు రాదు. మీ యింట నొక తొలిచూలాలు ఉన్నచో నేటి సాయంకాలమే ఆమెను పిలిచి, తల నొప్పిగా నున్నదా, బిడ్డ కదలుచున్నదా, భోజనమైనదా యని యడుగుడు. సర్వజీవులకు తల్లియు తండ్రియునైన పరమేశ్వరుడు మనకు ఆ మాట యడుగు ధైర్యమును, విని లేచి నడచు బుద్ధిని ప్రసాదించుగాక.